జెంటూ, మలబారు, మూరు: పాత ఇంగ్లీషులో మన పేర్లు

తెలుగు నేల వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్ర మీద పని చేయదలచిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది తెలుగు గ్రంథం కాదు, ఇంగ్లీషు కాగితం. తమిళనాడులోని తెలుగువారైనా, గంజాం జిల్లా తెలుగువారైనా, బళ్ళారి, కోలారు ప్రాంతాలవారైనా తమ తాతముత్తాతల గురించి ఏమైనా తెలుసుకోవాలంటే మద్రాసు కోట రికార్డులు, జిల్లా మాన్యువళ్ళు, పాత వ్యాకరణాల పీఠికలు తిరగవేయవలసి వస్తుంది. ఇంగ్లీషు మనకు చిన్నప్పటినుంచి వచ్చిన భాషే కదా అనే ధైర్యంతో ఆ కాగితాలు చదవడం మొదలుపెడతాం. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ ఇంగ్లీషు మనకు వచ్చిన ఇంగ్లీషు కాదు.

మా తరగతిలో ఒకసారి జరిగిన సంగతి చెబుతాము. పాత మద్రాసు పట్టణం మీద వ్యాసం రాస్తున్న ఒక విద్యార్థికి ‘జెంటూ’ అనే మాట తగిలింది. చేతిలో ఉన్న చిన్న నిఘంటువు చూస్తే దక్షిణ ధ్రువం వైపు ఉండే ఒక రకం పెంగ్విన్ పక్షి అని ఉంది. ఆ అర్థం కుదరదని తెలిసి ఇంకో పుస్తకం చూస్తే ‘హిందువు’ అని ఉంది. సరే అనుకుని వ్యాసమంతా ఆ అర్థంతోనే నడిపాడు. తీరా చూస్తే అతను చదివిన కాగితంలో ఆ మాటకు అర్థం ‘తెలుగువాడు’. తన సొంతవాళ్ళ ప్రస్తావన కళ్ళ ముందు ఉన్నా పోల్చుకోలేకపోయాడు. తప్పు అతనిది కాదు. ఇలాంటి మాటలను ఎలా చదవాలో మేము అంతకుముందు చెప్పి ఉండవలసింది. ఈ వ్యాసం ఆ లోటు తీర్చడానికే.

పాతబడిన మాటలు రెండు రకాలు. మాటే వాడుకలోంచి పోయినవి కొన్ని. మాట నిలిచి, అర్థం పోయినవి కొన్ని. మొదటి రకం వల్ల పెద్ద ప్రమాదం లేదు. తెలియని మాట కనబడగానే పాఠకుడు ఆగి నిఘంటువు చూస్తాడు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాడుక తప్పిన మాటల పక్కన కటారి గుర్తు వేసి హెచ్చరిస్తుంది కూడా. రెండో రకమే మోసం చేస్తుంది. తెలిసిన మాటే కదా అని ఆగకుండా చదువుకుపోతాం, తప్పు అర్థంతో వాక్యం కూడా కుదిరినట్టే ఉంటుంది.

ఇది మనకు తెలియని విషయం కాదు. అర్థవిపరిణామం గురించి తెలుగు భాషాచరిత్ర పాఠాల్లో అందరూ చదువుకున్నదే. ‘కంపు’ అంటే ఒకప్పుడు పరిమళం కూడా. ‘చీర’ ఒకప్పుడు ఆడా మగా అందరూ కట్టే బట్ట. ‘వ్యవసాయం’ అంటే ప్రయత్నం, ‘ఉద్యోగం’ అంటే పూనిక. ప్రాచీన కావ్యంలో రాజు ఉద్యోగం చేశాడని ఉంటే కొలువులో చేరాడని ఎవరూ అనుకోరు. తెలుగు విషయంలో ఇంత జాగ్రత్త పడే విద్యార్థి ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త వదిలేస్తాడు.

ఇంగ్లీషులోనూ అదే కథ. ‘మీట్’ అంటే ఒకప్పుడు ఏ ఆహారమైనా సరే, మాంసమే కానక్కరలేదు. ‘డీర్’ అంటే ఏ జంతువైనా. ‘నైస్’ అంటే తెలివితక్కువ. ‘ప్రెజెంట్లీ’ అంటే షేక్‌స్పియర్ కాలంలో ‘వెంటనే’ అని, ‘కొంతసేపటికి’ అని కాదు. ‘వాంట్’ అంటే కోరిక కాదు, లేమి. వానల ‘వాంట్’ అని పాత కలెక్టరు రాస్తే వానలు కావాలన్నాడని కాదు, వానలు లేవని.

కంపెనీ వారి కాగితాల్లో ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. ‘రైటర్’ అంటే రచయిత కాదు, కంపెనీ కొలువులో అన్నిటికంటె కింది మెట్టు దొర. అతనికి పై మెట్టు ‘ఫ్యాక్టర్’. ‘ఫ్యాక్టరీ’ అంటే పొగగొట్టం ఉన్న కర్మాగారం కాదు, ఆ ఫ్యాక్టర్లు ఉండి సరుకు కొనే వర్తకస్థానం. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారంటే యంత్రాలు దించారని కాదు. ‘ఇన్వెస్ట్‌మెంట్’ అంటే ఓడలకెక్కించడానికి ఏటా కొనే బట్టలు, ఇతర సరుకులు. ‘పెయింటర్’ అంటే బొమ్మలు వేసే చిత్రకారుడు కాదు, బట్ట మీద కలంతో అద్దకం పని చేసేవాడు. ‘పగోడా’ ఒకచోట గుడి, ఇంకొకచోట బంగారు నాణెం, అంటే మన వరహా. ‘క్యాష్’ అంటే రొక్కం అనుకుంటాం. మద్రాసు లెక్కల్లో అది మన ‘కాసు’. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1818లో మద్రాసులో వెండి రూపాయి ప్రమాణమయ్యేవరకు ఈ లెక్కే నడిచింది. డబ్బుపెట్టె నుంచి పుట్టిన ఇంగ్లీషు ‘క్యాష్’ వేరు, ఈ ‘క్యాష్’ వేరు. రెండూ ఒకే స్పెల్లింగులో కలిసిపోయాయి.

ఇవన్నీ వస్తువుల పేర్లు, హోదాల పేర్లు. వీటిలో తప్పితే లెక్క తప్పుతుంది. మనుషుల పేర్లలో తప్పితే చరిత్రే తప్పుతుంది. అందువల్ల అసలు విషయానికి వస్తాము.

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దుల ఇంగ్లీషులో దక్షిణ దేశపు ప్రజల్ని చెప్పడానికి మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: మూరు, మలబారు, జెంటూ. మూటికీ మూలం పోర్చుగీసువారి వాడుకే. ‘మూరు’ అంటే ముసల్మాను. ఐరోపాలో ఉత్తర ఆఫ్రికా ముస్లిములకు వాడిన పేరును పోర్చుగీసువారు ఇక్కడి ముస్లిములకూ తగిలించారు. ఆ వరుసలో హిందూస్తానీ భాషకు కూడా ఇంగ్లీషువారు ‘మూర్స్’ అని పేరు పెట్టారు.

‘మలబారు’ ఇంకా తికమక పెడుతుంది. ఈనాడు ఆ మాట వింటే కేరళ తీరం గుర్తుకు వస్తుంది. పాత కాగితాల్లో మాత్రం ‘మలబారు భాష’ అంటే చాలాచోట్ల తమిళమే. పోర్చుగీసువారు మొదట దిగింది పడమటి తీరంలో కాబట్టి, అక్కడ విన్న భాష పేరునే తూర్పు తీరపు తమిళానికి కూడా పెట్టారు. తరంగంబాడిలో పనిచేసిన జర్మన్ మతబోధకుడు జీగెన్‌బాల్గ్ 1708లో తయారుచేసిన ‘బిబ్లియోథెకా మలబారికా’ తమిళ గ్రంథాల పట్టిక. 1779లో మద్రాసు వేపేరిలో అచ్చయిన ఫాబ్రిసియస్ గారి ‘మలబారు’ నిఘంటువు తమిళ నిఘంటువే.

ఈ ఒక్క మాట మనవారి చరిత్రను ఎలా కప్పేస్తుందో చూడండి. సింహళంలో కండి రాజ్యాన్ని 1739 నుంచి 1815 వరకు ఏలినది నాయక్కర్ వంశం. మదురై నాయకుల బంధువర్గం నుంచి వెళ్ళిన, తెలుగు మూలాలున్న కుటుంబం అది. 1815 మార్చి 2న ఇంగ్లీషువారు కండి ప్రధానులతో చేసుకున్న ఒడంబడికలో ఆ రాజును ‘మలబారు’ పాలకుడని పేర్కొన్నారు, అతని వర్గంవారిని కూడా ‘మలబారు’ వారనే చెప్పి తిరిగి రాకుండా నిషేధించారు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి వేలూరుకు పంపారు, 1832లో అక్కడే మరణించాడు. ఈనాటి అర్థంతో ఆ ఒడంబడిక చదివే విద్యార్థి కండి రాజు కేరళవాడని రాసుకుంటాడు. పాత అర్థం ఒకటే తెలిసినవాడు తమిళుడని రాసుకుంటాడు. దక్షిణం నుంచి వచ్చినవారందరినీ ఒకే గంపలో వేసిన మాట అది అని గ్రహించినవాడికే అసలు సంగతి అందుతుంది.

ఇక ‘జెంటూ’. లాటిన్‌లో వంశానికి, తెగకు సంబంధించినవాడు అనే అర్థమున్న మాట నుంచి ఐరోపా భాషల్లో రెండు దారులు ఏర్పడ్డాయి. మంచి వంశంవాడు అనే దారిలో ఇంగ్లీషు ‘జెంటిల్’, ‘జెంటిల్‌మన్’ వచ్చాయి. అన్య తెగవాడు, అంటే అన్యమతస్థుడు అనే దారిలో పోర్చుగీసు ‘జెంతియో’ వచ్చింది. ‘జెంటూ’ దాని వికృతి. పెద్దమనిషి, అన్యమతస్థుడు ఒకే మూలంలోంచి పుట్టారన్నమాట. యానాం విద్యార్థులు ఫ్రెంచి కాగితాల్లోనూ ఇది గమనించాలి. ఈనాడు మంచివాడు అనే అర్థంలో వాడే ‘జాంతీ’ పాత పత్రాల్లో హిందువు అనే అర్థంలో కనిపిస్తుంది. ఎవరినో మెచ్చుకుంటున్నారని పొరపడకూడదు.

ఈ మాటల మీద ఇప్పటికీ మనకు పెద్ద దిక్కు ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు. హెన్రీ యూల్, తంజావూరులో జడ్జిగా పనిచేసిన ఏ.సి. బర్నెల్ కలిసి పూనుకున్న పని ఇది. బర్నెల్ 1882లో చనిపోగా యూల్ పూర్తిచేసి 1886లో ప్రచురించాడు. విలియం క్రుక్ సవరించిన ముద్రణ 1903లో వచ్చింది. ప్రతి మాటకూ సంవత్సరాలవారీగా ప్రయోగాలు చూపడం దీని గొప్ప గుణం. అర్థం ఇదీ అని చెప్పి ఊరుకోకుండా, ఏ కాలంలో ఎవరు ఎలా వాడారో మన ముందు పెడుతుంది.

‘జెంటూ’కు ఆ నిఘంటువు రెండు అర్థాలు ఇస్తుంది. ఒకటి, హిందువులందరూ. రెండు, ప్రత్యేకించి తెలుగువారు, వారి భాష. ఆ మాట అప్పటికే వాడుక తప్పిందని, మద్రాసులో మాత్రం రెండో అర్థంలో ఇంకా కొంత మిగిలి ఉండవచ్చునని కూడా చెబుతుంది. ఇంతవరకు మాకు పేచీ లేదు. హిందువు అనే విశాలార్థం నుంచి తెలుగువాడు అనే చిన్న అర్థానికి రావడం అర్థసంకోచానికి చక్కని ఉదాహరణ.

పేచీ కారణం దగ్గర. పోర్చుగీసువారు వచ్చేనాటికి దక్షిణంలో విజయనగర ప్రభుత్వం బలంగా ఉంది, అధికారులు ఎక్కువమంది తెలుగువారు, అందువల్ల హిందువుల్లో ముఖ్యులుగా వారికే ఆ పేరు నిలిచి ఉంటుందని నిఘంటుకారుల ఊహ. ఈ మాట చదవగానే మన మనసుకు హాయిగా ఉంటుంది. మన పూర్వులే దక్షిణ దేశపు ముఖ్యులని ఇంగ్లీషు పండితుడు ఒప్పుకున్నాడు కదా అనిపిస్తుంది. హాయిగా ఉన్నందుకే దీన్ని కాస్త గట్టిగా పరీక్షించాలని మా అభిప్రాయం.

పోర్చుగీసువారు ‘జెంతియో’ అన్నది హిందువులందరినీ. గోవా హిందువూ జెంతియోయే, మలయాళ దేశపు హిందువూ జెంతియోయే. దక్షిణాన తమకు ఎదురైన విజయనగర పక్షపు సేనల్ని వారు పిలిచిన పేరు వేరే ఉంది. కన్యాకుమారి తీరంలో పరవల మీద పడిన దండును గురించి 1544లో ఫ్రాన్సిస్ జేవియర్ రాసిన ఉత్తరాల్లో వారి పేరు ‘బడగ’. అది ‘వడుగ’కు మారు రూపం. వడుగ అంటే ఉత్తరాన్నుంచి వచ్చినవాడు, తమిళులు తెలుగువారికి పెట్టుకున్న పాత పేరు. తెలుగువారిని గుర్తించడానికి పోర్చుగీసువారి చేతిలో అప్పటికే ఒక మాట ఉంది, అది జెంతియో కాదు. కాబట్టి సంకోచం వారి నోట జరిగిందనడం కష్టం.

మా ఊహ ఇది. సంకోచం ఇంగ్లీషు కంపెనీవారి చేతిలో, కోరమండల్ తీరంలో జరిగింది. వారు మొదట కుదురుకున్నది మచిలీపట్నంలో, అంటే తెలుగు నేల మీద. 1639లో మద్రాసు స్థలం ఇచ్చినవారు దామర్ల నాయకులు, తెలుగు ప్రభువులే. మద్రాసులో దొరలకు రోజూ పని పడే జనం మూడు వర్గాలు. ముస్లిములకు ‘మూరు’ ఉంది. తమిళులకు ‘మలబారు’ ముందే స్థిరపడింది. మిగిలిన హిందువులు తెలుగువారు, మిగిలిన మాట ‘జెంటూ’. పంచగా మిగిలినది మనవాటాకు వచ్చింది. ఇందులో పెద్దరికమేమీ లేదు, దప్తరు సౌకర్యమే ఉంది. విజయనగరానికి ఇందులో పాత్ర లేదని మేము అనడం లేదు. తమిళ దేశంలో అంతమంది తెలుగు ప్రభువులు, వర్తకులు ఉండడానికి కారణం ఆ సామ్రాజ్యమే. అయితే అది మనుషులు అక్కడ ఉండడానికి కారణం, పేరు మారడానికి కాదు.

బెంగాలులో ఈ మూడు మాటల పంపకం లేదు. అక్కడ మూరుకు ఎదురుగా జెంటూ ఒక్కటే నిలిచింది, హిందువు అనే అర్థం చెక్కుచెదరలేదు. వారెన్ హేస్టింగ్స్ చేయించగా హాల్‌హెడ్ 1776లో ప్రచురించిన ‘జెంటూ’ శాసనాల గ్రంథం హిందూ ధర్మశాస్త్ర సంగ్రహం. తెలుగువారి కట్టుబాట్లకూ దానికీ ప్రత్యేక సంబంధం లేదు. ఆ గ్రంథం పేరు చూసి తెలుగు న్యాయచరిత్రలో చేర్చుకునే విద్యార్థి, కండి రాజును కేరళకు పంపిన విద్యార్థి ఒకే పొరపాటు చేస్తున్నారు.

మద్రాసులో పరిస్థితి ఎలా మారిందో వ్యాకరణాల పేర్లే చెబుతాయి. 1814లో శ్రీరాంపూరులో కేరీ అచ్చువేసిన వ్యాకరణంలో మన భాష పేరు ‘తెలింగాన’. 1816లో మద్రాసులో వచ్చిన ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణంలో ‘తెలుగు’ ముందుంది, ‘జెంటూ’ అని మామూలుగా పిలిచే భాష అని వెనక ఉంది. 1817లో విలియం బ్రౌన్ రాసిన వ్యాకరణానికి మళ్ళీ ‘జెంటూ’ భాష అనే పేరు. ఈయన సి.పి. బ్రౌన్ కాడు, కలపకూడదు. నాలుగేళ్ళలో మూడు వ్యాకరణాలు, ఒకే భాషకు మూడు పేర్లు. 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణం, 1852లో ఆయన నిఘంటువు వచ్చేసరికి ‘తెలుగు’ స్థిరపడింది. క్యాంబెల్ గ్రంథానికి చేర్చిన పీఠికలోనే ఎల్లిస్ దక్షిణ భాషల కుటుంబం సంస్కృతం నుంచి పుట్టినది కాదని నిరూపించాడు. భాషను దాని సొంత పేరుతో పిలవడం, దానికి సొంత కుటుంబం ఉందని గుర్తించడం ఒకే పుస్తకంలో కలిసి రావడం కాకతాళీయం కాదని మేము అనుకుంటున్నాము. ‘జెంటూ’ మతాన్నిబట్టి పెట్టిన పేరు. భాషను శ్రద్ధగా చదివినవారికి అది చాలలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ‘తెలింగా’ అంటే తెలుగువాడని అనుకుంటాం. ఒడియావారు మనల్ని ఇప్పటికీ ‘తెలెంగా’ అంటారు కనుక బరంపురం విద్యార్థికి అనుమానమే రాదు. కాని ఉత్తర హిందూస్థానంలో ఆ మాటకు ఇంకో అర్థం వచ్చింది. 1756-57లో క్లైవుతో మద్రాసు నుంచి బెంగాలుకు వెళ్ళిన సిపాయిలను అక్కడివారు తెలింగాలన్నారు. తరవాత తెలుగువాడైనా కాకపోయినా కంపెనీ పద్ధతిలో కవాతు నేర్చిన ప్రతి సిపాయీ ‘తిలంగా’ అయ్యాడు. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ కాగితాల్లోని తిలంగాలు ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాలవారు. ఇది అర్థవ్యాకోచం. జెంటూ ఇరుకై తెలుగువాడి దగ్గరికి వచ్చింది, తెలింగా విశాలమై తెలుగువాడి నుంచి దూరమైంది.

ఇప్పుడు హాబ్సన్-జాబ్సన్ గురించి మా తీర్పు చెప్పవచ్చు. అది ఇంగ్లీషువారు ఇంగ్లీషువారి కోసం చేసుకున్న నిఘంటువు. ఒక మాట ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందో అది చెబుతుంది. ఆ మాట తగిలిన మనుషులు తమను తాము ఏమని చెప్పుకున్నారో అడగదు. దాన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆ ప్రశ్న మనం అడగవలసినదే. దాని ప్రయోగాలను నమ్మవచ్చు, వ్యాఖ్యానాన్ని పరీక్షించి తీసుకోవాలి.

విద్యార్థులకు ఆచరణలో పనికివచ్చేలా మూడు ప్రశ్నలు సూచిస్తున్నాము. కాగితం ఎక్కడ రాశారు? మద్రాసు అయితే జెంటూ తెలుగు కావచ్చు, కలకత్తా అయితే దాదాపు హిందువే. పక్కన ఏ మాట ఉంది? మూరుకు ఎదురుగా ఉంటే హిందువు, మలబారు పక్కన ఉంటే తెలుగు. చెబుతున్నది మనుషుల గురించా, భాష గురించా? మద్రాసు కాగితంలో భాష గురించి అయితే ఇంచుమించు తెలుగే. ఈ మూడిటికీ జవాబు దొరకని చోట అర్థం తేల్చకుండా ఆ మాటనే ఉంచి, సందేహం ఉందని రాయండి. అది పరిశోధనకు లోపం కాదు.

తెలుగు నేల మీద ఉన్నవారికి ఇది కేవలం నిఘంటువుల ముచ్చట కావచ్చు. మనకు అలా కాదు. మన పూర్వులు వెళ్ళిన ప్రతిచోటా ఇతరులు పెట్టిన పేరుతోనే లెక్కకెక్కారు. తమిళులకు వడుగర్, ఒడియావారికి తెలెంగా, కోటలోని దొరకు జెంటూ, కండి ఒడంబడికలో మలబారు. ఈ పేర్ల పాత అర్థాలు తెలియకపోతే కాగితాలు ఉండీ మనవారు మనకు కనిపించరు. తెలిస్తే, ఇంతకాలం ఎవరివో అనుకున్న పేజీల్లో మన ఊరివాళ్ళు దొరుకుతారు. మా విద్యార్థి తన వ్యాసాన్ని మళ్ళీ మొదటినుంచి రాశాడు. ఈసారి పేజీలు తగ్గాయి కాని, అందులో ఎవరి గురించి రాస్తున్నాడో అతనికి తెలిసింది.